నాలుగు చెబితే చాలు

బడి మేడ మీద లెక్కల గది. లెక్కల టీచరుకు ఎదురుగా పరుగుపందేల అమ్మాయి కూర్చుని ఉంది. తలుపు తీసే ఉంది. కింద ఆటస్థలంలో, కిటికీలోంచి కనబడేంత దగ్గరగా, పోటీలకు ముందు జరిగే క్యాంపుకి వెళ్ళే బస్సు ఆగి ఉంది.

"తొమ్మిదా?"

"తొమ్మిదే టీచర్."

"మళ్ళీ విను. ఒక అంకెకి మూడు కలిపాను. వచ్చినదాన్ని రెండింతలు చేశాను. పదహారు వచ్చింది. నేను మొదట అనుకున్న అంకె ఎంత?"

"తొమ్మిది."

"తొమ్మిదికి మూడు కలిపితే పన్నెండు. రెండింతలు చేస్తే ఇరవై నాలుగు. పదహారెక్కడ, ఇరవై నాలుగెక్కడ! ఏమే మిడతా, నిద్రమొహంతో వచ్చావా?"

"లేదు టీచర్. మొహం కడుక్కునే వచ్చాను."

"మరి నీ కాలు అయిదు సార్లు ఎందుకు కొట్టుకుంది?"

"ఏ కాలు?"

"నీకెన్ని కాళ్ళున్నాయే? కుడికాలు. ఆరో తరగతి నుంచీ చూస్తున్నాను నిన్ను. లెక్క తెలిస్తే ముందు నీ బొటనవేలు నేలకేసి కొడుతుంది. నోరు తర్వాత పలుకుతుంది. ఇవాళ వేలు అయిదంటోంది, నోరు తొమ్మిదంటోంది. రెండూ పోట్లాడుకున్నాయా?"

"చీమ కుట్టింది టీచర్."

"లెక్కపెట్టుకుని అయిదు సార్లు కుట్టిందా? నవ్వొస్తే నవ్వు. తప్పులేదు. నవ్వి, సరిగ్గా చెప్పు."

"తొమ్మిదే అనుకుంటున్నాను టీచర్."

"సరే. చూడు తల్లీ. రాత పరీక్షలో లెక్కలు పోయాయి నీకు. మిగతావన్నీ గట్టెక్కావు, ఇదొక్కటే. ఒక్క సబ్జెక్టు తప్పినా బస్సు ఎక్కనివ్వరు. అది పైవాళ్ళ రూలు, నాది కాదు. నేను పెద్దసారు గది ముందు నిలబడి, బతిమాలి, ఈ నోటి పరీక్ష పెట్టించాను. నాలుగు చెబితే చాలు. అంతే. బస్సు కదిలేదాకా జవాబు మార్చుకోవచ్చు కూడా. నేనింకా ఏమీ రాయలేదు. ఇంతకన్నా ఎవరు చేస్తారు చెప్పు?"

"ఎందుకు బతిమాలారు టీచర్?"

"ఏమిటీ?"

"ఏం లేదు. థాంక్స్ టీచర్."

"రెండోది. అరవై నాలుగుకి వర్గమూలం? ఎంతని ఎంతతో హెచ్చిస్తే అరవై నాలుగు వస్తుంది?"

"ముప్ఫై రెండు."

"వేలు."

"ఏంటి టీచర్?"

"వేలు కొట్టుకుంది. ఎనిమిది సార్లు. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి."

"షూ లేవు కదా, నేల చల్లగా ఉంది. అందుకని కదిలించాను."

"షూ ఏవీ?"

"చెల్లి దగ్గరున్నాయి. సంచీతోపాటు అదే మోస్తోంది. అదిగో, బస్సు మెట్ల దగ్గర."

"మెడలో వేసుకుందేమిటే వాటిని, దండలాగా!"

"దానికి నా షూ అంటే పిచ్చి టీచర్. నిద్రలో కూడా పక్కన పెట్టుకుంటానంటుంది. నేనే తంతాను."

"అమ్మ కూడా వచ్చిందా?"

"వచ్చింది. ఇస్త్రీబండి ఎవరికో అప్పజెప్పి వచ్చింది. పొద్దున్న నా బనియన్ కూడా ఇస్త్రీ చేసింది టీచర్. పరిగెత్తే బనియన్‌కి ఎవరైనా ఇస్త్రీ చేస్తారా? మడత నలగకుండా పట్టుకుని కూర్చుంది. నేను ఎక్కగానే చేతికిద్దామని."

"అంత ఆశ పెట్టుకుంది మరి. ఈ పోటీలో గెలిస్తే కాలేజీలో సీటు. హాస్టలు, తిండి, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మీ అమ్మ మొన్న నా దగ్గరికొచ్చి ఎంత ఏడ్చిందో తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ముప్ఫై రెండంటావా?"

"మేడమ్! లోపలికి రావచ్చా?"

"రండి కోచ్ గారూ. ఇంకా కాలేదు."

"తొందరేం లేదు మేడమ్, తొందరేం లేదు. డ్రైవరు టీ తాగుతున్నాడు. ఏమ్మా మిడతా, మేడమ్‌ని ఏడిపిస్తున్నావా?"

"లేదు సార్."

"ట్రాక్ మీద గాలిలా పోతుంది మేడమ్, లెక్కల దగ్గర మాత్రం ఎడ్లబండి. కాస్త తొయ్యండి. నాలుగే కదా."

"నాలుగే."

"ఇంకో నాలుగు మెట్లు, అంతే. తర్వాత దీని జీవితం దీనిది కాదు."

"అదేం మాట కోచ్ గారూ?"

"అంటే, అంత పెద్దదైపోతుందని మేడమ్. పేపర్లో ఫోటో, కాలేజీ... నిచ్చెన సంగతి గుర్తులేదూ? పోయినేడు మన దగ్గర్నుంచి వెళ్ళింది. పొడుగుపిల్ల."

"గుర్తుంది. ఎలా ఉందిప్పుడు?"

"తేరుకుంటోంది. ఎండదెబ్బ కదా. ఆటలన్నాక ఇలాంటివి మామూలే. సరే సరే, మీరు కానివ్వండి. మిడతా..."

"సార్."

"నోరు జాగ్రత్తగా వాడు. లెక్కల సంగతే చెప్తున్నాను. ఆలోచించి చెప్పు. ఏం?"

"సరే సార్."

"వస్తాను మేడమ్."

"ఊఁ, మూడోది. ఏమిటే అలా చూస్తావ్? ఇటు తిరుగు."

"వెళ్ళారా?"

"వెళ్ళారు."

"లేదు టీచర్. వినండి. సార్ మెడలో ఈల ఊగితే లోపలి గింజ గలగలమంటుంది. వినిపిస్తోందా? మెట్ల మలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. అక్కడే ఉన్నారు."

"తలుపు వేసి రానా?"

"వద్దు టీచర్! తీసి ఉంటే దూరంగా ఉంటారు. వేస్తే దగ్గరికొచ్చి నిలబడతారు."

"నీకెలా తెలుసు?"

"మూడోది అడగండి టీచర్."

"నీకెలా తెలుసని అడిగాను."

"క్యాంపులో అంతే. అడగండి టీచర్, గట్టిగా అడగండి."

"... లంబకోణ త్రిభుజం. ఒక భుజం మూడు. కర్ణం అయిదు. మిగిలిన భుజం ఎంత?"

"రెండు!"

"ఇది నీకు కళ్ళు మూసుకున్నా వస్తుందే! బోర్డు మీద నువ్వే క్లాసంతటికీ చెప్పావు. నాలుగని, గోడకి నిచ్చెన ఆనించినట్టుంటుందని, అందరూ నిచ్చెనక్క నిచ్చెనక్క అని నవ్వారు కూడా."

"రెండు టీచర్."

"ఈసారి వేలు కొట్టుకోలేదు. ఎడమకాలితో తొక్కిపెట్టావు కదూ? మిడతా. ఇటు చూడు. రాత పరీక్షలో కూడా కావాలనే తప్పు రాశావా? నిన్నే."

"మీరు నిచ్చెనక్కని చూశారా టీచర్, ఈమధ్య?"

"లేదమ్మా. చూసిరావాలి అనుకుంటూనే ఉన్నాను, తీరిక లేక..."

"నేను ఫోన్ చేశాను. వాళ్ళ నాన్న ఎత్తారనుకుని, బాబాయ్ గారూ అక్కకివ్వండి అన్నాను. నేనేనే, నిచ్చెనక్కనే అంది."

"అంటే?"

"గొంతు. మగగొంతు టీచర్. నేను నవ్వాను కూడా, ఆటపట్టిస్తోందనుకుని. అక్క నవ్వలేదు."

"జలుబు చేసుంటుందేమో."

"ఏడాది నుంచా? ఇప్పుడు వాళ్ళింట్లో కింద గదిలో పడుకోబెట్టారు. మేడ మెట్లెక్కలేదు టీచర్. రెండు మెట్లెక్కితే గుండె పట్టుకుని కూర్చుండిపోతుందట. నిచ్చెనక్క మెట్లెక్కలేదు."

"ఎండదెబ్బకి అలా..."

"తెల్లవారుజామున పడిపోయింది టీచర్. నేను పక్క లైన్లోనే పరిగెడుతున్నాను. మంచుకి ముందు లైను కూడా కనిపించట్లేదు. ఎండెక్కడుంది?"

"నెమ్మదిగా మాట్లాడు."

"నాలుగో ప్రశ్న అడగండి. గట్టిగా."

"ఇరవై నాలుగులో పావు ఎంత?"

"పన్నెండు!"

"పన్నెండు సగమే, పావు కాదు... ఇప్పుడు చెప్పు. ఏం చేశారు ఆ పిల్లకి?"

"బలానికని సూదులు."

"ఎవరు వేశారు? డాక్టరా?"

"సారే. డాక్టరూ లేరు, నర్సూ లేదు. రాత్రి అన్నం తిన్నాక వరసలో నిలబెడతారు. విటమిన్లు అంటారు. నేను అప్పుడు చిన్న గుంపులో ఉన్నాను, మాకు లేదు. ఈ ఏడు పెద్ద గుంపులోకి వచ్చాను కదా. బస్సు దిగాక ఇవాళ రాత్రే మొదలు. పోయిన వారం నన్ను పిలిచి, నీకు సన్న సూది తెప్పించానమ్మా, నొప్పుండదు అన్నారు."

"దేవుడా. అమ్మకి చెప్పావా?"

"చెప్పాను. సార్ మనమీద ఎంత ఖర్చు పెడుతున్నారో చూడు, మంచి మందులు మనం కొనగలమా అంది. నేను ఇంకేం మాట్లాడను? అమ్మకి సార్ మాటంటే వేదవాక్కు."

"పెద్దసారుకి?"

"నిచ్చెనక్క నాన్న చెప్పారట. కప్పు చూపించారట పెద్దసారు, అద్దాల బీరువాలోది. మీ అమ్మాయి పేరు చెక్కించాం చూడండి అని."

"ఎక్కనని చెప్పేయొచ్చుగా నువ్వు! నాకు ఆట వద్దని..."

"చెప్తే అమ్మ ఊరుకుంటుందా? సార్ ఊరుకుంటారా? ఇంటికొచ్చి కూర్చుంటారు టీచర్. నవ్వుతూనే కూర్చుంటారు. అందుకని రూలు దొరికింది నాకు. ఒక్క సబ్జెక్టు పోతే సార్ కూడా ఏం చెయ్యలేరు. అమ్మ తిడుతుంది, కొడుతుంది, మానేస్తుంది. లెక్కలే ఎందుకంటే, లెక్కల్లో సున్నాకి సున్నా వేస్తారు, తెలుగులో అయితే ఎంత చెత్త రాసినా జాలిపడి పాస్ చేసేస్తారు. మీరు జాలిపడరనుకున్నాను టీచర్."

"నేనేమో వెళ్ళి బతిమాలి..."

"అవును."

"అయ్యో. అయ్యో తల్లీ."

"ఏడవకండి టీచర్. గింజ చప్పుడవుతోంది. పైకొస్తున్నారు."

"రానీ. నువ్వు ఫెయిల్. అంతే. నేను రాసి, సంతకం పెట్టి ఇస్తాను. ఎవడొచ్చినా మారదు."

"నిజంగానా టీచర్?"

"పన్నెండూ రెండూ ముప్ఫై రెండూ తొమ్మిదీ. పచ్చి మొద్దువి నువ్వు. లెక్కల గుమ్మం తొక్కడానికి కూడా పనికిరావు. సరేనా?"

"సరే టీచర్."

"అదిగో, ఇప్పుడు నవ్వావు."

"మేడమ్! డ్రైవరు టీ అయిపోయింది. మరి ఇక్కడ అయిందా?"

"అయింది కోచ్ గారూ. పిల్ల తప్పింది."

"తప్పిందా?"

"ఒక్కటీ చెప్పలేదు. నేనేం చెయ్యను? రూలు రూలే."

"రూలు రూలే మేడమ్. నేనెప్పుడైనా కాదన్నానా? ఒక్కటీ చెప్పలేదా! మిడతా, ఇరవై నాలుగులో పావు పన్నెండా?"

"విన్నారా మీరు?"

"గట్టిగా అడిగారుగా మేడమ్. గట్టిగా అడిగినవి విన్నాను. మెల్లగా మాట్లాడుకున్నవి వినలేదు. పెద్దవయసు, చెవులు సరిగ్గా పనిచెయ్యవు."

"వినకపోతే నేనే చెప్తాను. ఆ సూదుల సంగతి పైవాళ్ళకి రాస్తాను."

"రాయండి. ఏమని రాస్తారు? లెక్కల్లో సున్నా వచ్చిన పిల్ల, బస్సెక్కనివ్వలేదన్న కోపంతో కోచ్ మీద ఏదో చెప్పిందనా? మీ సంతకం కిందే ఉంటుంది కదా, పచ్చి మొద్దు అని. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదువుకుంటారు వాళ్ళు. కోపం తెచ్చుకోకండి మేడమ్. నాకు దీనిమీద కోపం లేదు. పిల్లలన్నాక భయపడతారు. ఇంటికెళ్ళి చదువుకోమ్మా. వచ్చే ఏడు చూద్దాం."

"సరే సార్."

"మరి బస్సులో మీకు ఒక చోటు ఖాళీగా..."

"ఖాళీ ఎందుకుంటుంది మేడమ్? నాలుగువందల మీటర్లకి ఒక పేరు ఇవ్వాలి కదా. ఇచ్చేశాను. పొద్దున్నే ఇచ్చాను, ఎందుకైనా మంచిదని."

"ఎవరి పేరు?"

"ఇంకెవరిది? వీళ్ళ బుడ్డదానిది."

"చెల్లిదా?"

"నువ్వు ఉలిక్కిపడతావేమ్మా! అక్క లేకపోతే చెల్లెలు. రక్తం ఒకటేగా."

"అది చిన్నపిల్ల కోచ్ గారూ! ఏడో తరగతి! పెద్దవాళ్ళ గుంపులో ఎలా..."

"రూలు చదివాను మేడమ్. మార్కులు అడిగారు. హాజరు అడిగారు. చిన్నది పెద్దవాళ్ళతో పరిగెత్తకూడదని ఎక్కడా అనలేదు. అన్ని సబ్జెక్టులూ పాసయిందా లేదా, అంతవరకే."

"దానికి లెక్కలు రావు! నాకు తెలుసు, నేను చెప్తున్నానుగా..."

"రావా? మీరే కదా మేడమ్ పాస్ చేశారు? మార్కులు తక్కువొచ్చి గుక్కపట్టి ఏడిస్తే, పాపం పసిదని మీరే కలిపారటగా. అదే వచ్చి చెప్పింది నాకు. సార్, టీచర్ మంచివాళ్ళు సార్ అని."

"నేను వెనక్కి తీసుకుంటాను. తప్పుగా దిద్దానని రాసిస్తాను."

"మార్కులు పైకి వెళ్ళి వారమైంది మేడమ్. ఇప్పుడు మారిస్తే అక్కకి అన్యాయంగా సున్నా వేశారా, చెల్లికి అన్యాయంగా కలిపారా అని రెండూ తవ్వుతారు. మీరు పదవీవిరమణకి దగ్గర్లో ఉన్నారు. ఎందుకొచ్చిన గొడవ?"

"వాళ్ళమ్మ ఒప్పుకోదు."

"ఒప్పుకుంది. పెద్దదానికి రాత లేకపోతే చిన్నదైనా వెళ్ళనీ సార్ అంది. అదిగో చూడండి కిటికీలోంచి. బనియన్ తొడుగుతోంది. మోకాళ్ళ దాకా వచ్చింది, గౌనులాగా! షూ మాత్రం వేసేసుకుంది బుడ్డది, అవి వేసుకున్నాక ఆగుతుందా? పెద్దవే. ముందువైపు కాస్త దూది కుక్కితే సరిపోతాయి."

"సార్, అది పరిగెత్తలేదు సార్. దానికి ఊరికే ఆయాసం వస్తుంది."

"అదంతా నేను చూసుకుంటానుగా అమ్మా. బలం రావడానికి మందుంది. తెప్పించిన సన్న సూది ఎలాగూ దాని చేతికే బాగుంటుంది."

"కోచ్ గారూ!"

"హారన్ కొడుతున్నాడు మేడమ్. ఆ కాగితం ఇచ్చేస్తే వెళ్తాను. సంతకం పెట్టేశారా?"

"లేదు. ఇంకా లేదు."

"పెట్టండి మరి."

"టీచర్."

"నువ్వు మాట్లాడకు. కూర్చో. నేనేదో ఒకటి ఆలోచిస్తాను, కాస్త ఉండు..."

"టీచర్, బస్సు ఇంకా కదల్లేదు కదా?"

"లేదు. ఎందుకు? మిడతా, వద్దు. నోరు మూసుకో. వద్దని చెప్తున్నానా..."

"బస్సు కదిలేదాకా మార్చుకోవచ్చన్నారు మీరు. సార్ కూడా వింటున్నారు. మొదటిది అయిదు. రెండోది ఎనిమిది. త్రిభుజానిది నాలుగు. ఇరవై నాలుగులో పావు ఆరు. నాలుగూ అయిపోయాయి, రాసుకోండి టీచర్. దాన్ని నా షూ విప్పమనండి."